అయ్యగారిని మళ్ళీ పుల్పిట్ ఎక్కించబోతున్న మన పెద్దలకు

ఉత్తర చెన్నైలోని మన తెలుగు సంఘ పెద్దలకు, కమిటీ అన్నలకు, స్త్రీల సమాజం అక్కలకు వందనాలు.

పోయిన ఆదివారం ప్రకటనల్లో సెక్రటరీ అన్న చదివింది అందరం విన్నాం. మన పాస్టరు అయ్యగారి మూడు నెలల విశ్రాంతి అయిపోయిందట, వచ్చే నెల మొదటి ఆదివారం ఆయనే ప్రభువు బల్ల ఇస్తారట, ఆ రోజు ప్రేమవిందు కూడా ఉందట, బిరియానీకి పేర్లు ముందుగా ఇవ్వాలట. దాని మీద ఒకరిద్దరు వాట్సాప్ గ్రూపులో ఏదో అడగబోతే సాయంత్రానికల్లా అడ్మిన్లు తప్ప ఇంకెవరూ రాయకుండా సెట్టింగ్ మార్చేశారు. అందుకే నలుగురూ చదివే చోట రాస్తున్నాను. గేటు దగ్గర, చెప్పులు వేసుకునే చోట, ఆటో కోసం నిలబడ్డ చోట గుసగుసలాడుకోవడం మూడు నెలలు చేశాం, ఇక చాలు.

నేనెవరో మీకు తెలుసు. పెళ్ళై గూడూరు నుంచి వచ్చాను, మా ఆయనది రైల్వే, ఇరవై రెండేళ్ళుగా సండే స్కూలు చెబుతున్నాను. అయ్యగారి మీద నాకు పాత పగ ఏమీ లేదు. మా పిల్లలిద్దరికీ బాప్తిస్మం ఇచ్చింది ఆయనే. 2015 డిసెంబరు వరదల్లో నడుముల్లోతు నీళ్ళలో మా వీధికి పాల ప్యాకెట్లు మోసుకొచ్చింది ఆయనే. మా అత్తగారు పోయినప్పుడు రాత్రంతా కూర్చుని, పొద్దున సమాధి స్థలం కోసం తనే తిరిగారు. ఇవన్నీ నిజం. ఆయన తనతో తప్పుగా ప్రవర్తించారని మన సంఘంలోని ఆ అమ్మాయి చెప్పిందీ నిజం. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు, కానీ ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కావాలని మాత్రం ఇక అనుకోవడం లేదు.

ఆ అమ్మాయి పేరు ఇందులో రాయను. ఎవరో ఊహించే పని మీరూ పెట్టుకోకండి. రాసింది ఆమెకు చదివి వినిపించాను, రెండు వాక్యాలు తీసెయ్యమంది, తీసేశాను.

జరిగినదానికి మన సంఘంలో అందరూ వాడుతున్న మాట ఒకటే, "అయ్యగారు పడిపోయారు." శోధన వచ్చింది, బలహీన క్షణం, పడిపోయారు. నాకు ఈ మాటే పడటం లేదు. పడటమంటే కాలు జారడం. రాత్రి పదకొండు దాటాక మెసేజీలు పెట్టడం, "నీ కోసం ప్రత్యేకంగా ప్రార్థిస్తున్నాను, ఈ సంగతి అమ్మగారికి చెప్పకు" అనడం, ప్రార్థన పేరుతో అందరూ వెళ్ళాక ఒక్కదాన్నే ఉండమనడం, ఇదంతా ఎనిమిది నెలలు. ఎనిమిది నెలలు ఎవరి కాలూ జారదు. పోనీ పడ్డారనే అనుకుందాం, ఆయన పడింది నేల మీద కాదు కదా, ఒక మనిషి మీద. మూడు నెలల నుంచి మనమంతా పైన పడినాయన్ని లేపడం గురించే కూటాలు పెట్టుకుంటున్నాం, కింద నలిగినామె ఎలా ఉందో చూడటానికి ఒక్కరు వెళ్ళారా? వెళ్ళారు, అవును, స్త్రీల సమాజం నుంచి ఇద్దరు అక్కలు వెళ్ళారు. "క్షమించెయ్యమ్మా, నీకే దీవెన" అని చెప్పి టీ తాగి వచ్చారు.

ఇక ఆ వాక్యం. ఉపవాస ప్రార్థనలో పెద్దన్న లేచి "నేను అభిషేకించినవారిని ముట్టకూడదు" అని రెండుసార్లు గట్టిగా చదివారు, అంతే, అందరి తలలూ దించుకున్నాయి, నాదీ దిగింది. ఇంటికొచ్చి 105వ కీర్తన మొత్తం చదివాను. అక్కడ అభిషేకించినవారంటే పుల్పిట్ మీద ఉన్నవాళ్ళు కారు. కొద్దిమందిగా, పరదేశులుగా, ఈ రాజ్యం నుంచి ఆ రాజ్యానికి తిరుగుతున్న అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు కుటుంబాలు. వారిని ముట్టకూడదని దేవుడు గద్దించింది రాజులను. అంటే బలం ఉన్నవాడికి, బలం లేనివాళ్ళ జోలికి వెళ్ళొద్దని చెప్పిన మాట అది. ఆ రాజుల్లో ఒకడి కథ ఆదికాండం 20లో ఉంది, సండే స్కూల్లో పిల్లలకు చెప్పకుండా దాటేసే అధ్యాయం కాబట్టి నేనూ ఎన్నడూ నిలబడి చదవలేదు. గెరారు రాజు అబీమెలెకు శారాను తెప్పించుకున్నాడు. దేవుడు రాత్రి కలలో వచ్చి, నువ్వు ఆమెను ముట్టకుండా నేనే ఆపాను అన్నాడు. ఆమెను. అభిషిక్తులను ముట్టకూడదనే మాట వెనకున్న కథలో ముట్టకుండా దేవుడు కాపాడింది ఒక ఆడమనిషిని. పైగా ఆ కథలో అబ్రాహాము చేసిందీ గొప్పగా ఏమీ లేదు, తన ప్రాణం కోసం భార్యను చెల్లెలని చెప్పినవాడు, దేవుడు అతణ్ణి ప్రవక్త అన్నాడు, అలాగని అతని తప్పును దాచలేదు, అది ఇప్పటికీ గ్రంథంలో ఉంది, మనం చదువుకుంటున్నాం.

అలాంటి వాక్యాన్ని తెచ్చి, ముట్టినవాడికి అడ్డం పెట్టి, ముట్టవద్దని ఆమెకు చెప్పామంటే మనం వాక్యాన్ని తలకిందులుగా పట్టుకున్నాం.

నోవహు సంగతి కూడా ఎత్తారు, గుడ్డ కప్పిన కొడుకులే దీవెన పొందారని. నోవహు తాగి తన గుడారంలో తాను పడుకున్నాడు, అందులో ఇంకెవరి బతుకూ పాడవలేదు. రెండూ ఒకటెలా అవుతాయి అన్నా? దావీదు గురించి కూడా విన్నాం, దావీదు పడలేదా, దేవుడు లేపలేదా అని. లేపాడు. కానీ ముందు, తప్పు మొహం మీదే చెప్పడానికి నాతాను ప్రవక్తను పంపాడు. మన దగ్గర ఆ పని చెయ్యాల్సింది కమిటీ, కమిటీ మాత్రం గ్రూపు లాక్ చేసింది. మత్తయి సువార్త మొదటి అధ్యాయంలో వంశావళి రాస్తూ కూడా, దావీదు తెప్పించుకున్న బత్షెబ పేరు రాయకుండా "ఊరియా భార్య" అనే రాశాడు, వెయ్యేళ్ళు గడిచినా దావీదు చంపించిన ఆ భర్త పేరు తుడిచెయ్యలేదు. దావీదు కథ చెప్పాలనుకుంటే రెండో సమూయేలు 12 దగ్గర ఆగకుండా 13 కూడా చదవండి. తామారు. అన్న చేతిలోనే పాడైపోయిన పిల్ల. తండ్రి దావీదుకు విషయం తెలిసి చాలా కోపం వచ్చిందట, అంతే, ఏమీ చెయ్యలేదు. ఇంకో అన్న అబ్షాలోము ఆమెతో, ఊరకుండు చెల్లీ, వాడు నీ అన్నే కదా, దీన్ని మనసులో పెట్టుకోకు అన్నాడు.

ఆ మాట చదివినప్పుడు నాకు చెమట పట్టింది. ఎందుకో చెబుతాను.

నిరుడు ఒక బుధవారం క్వయర్ ప్రాక్టీస్ అయ్యాక ఆ అమ్మాయి నా దగ్గరకొచ్చింది. నేను సండే స్కూలు చార్టులు చుట్టి రబ్బర్ బ్యాండు వేస్తున్నాను. "ఆంటీ, అయ్యగారు నాతో కొంచెం వేరేగా మాట్లాడుతున్నారు" అంది. వేరేగా అంటే ఏంటని నేను అడగలేదు. అడగాలని అనిపించింది, అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయమేసింది. "ఆయన అందరితో చనువుగానే ఉంటారులేమ్మా, నువ్వు ప్రార్థన చేసుకో" అన్నాను. సరే ఆంటీ అని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఇంకో ఐదు నెలలు నడిచింది ఆ వ్యవహారం. కమిటీని నిలదీస్తున్నానని అనుకునేవాళ్ళు ఇది కూడా చదవండి, నేను బయట నిలబడి రాయడం లేదు. ఆ అమ్మాయిని వెళ్ళి క్షమాపణ అడిగాను. ఆమె క్షమించానని అనలేదు, కాఫీ ఇచ్చింది. నేనూ రెండోసారి అడగలేదు.

సంఘం పరువు పోతుంది, ఇప్పటికే క్రైస్తవులంటే బయట పరిస్థితి బాగోలేదు, శత్రువు చేతికి కత్తి ఇచ్చినట్టవుతుంది అంటున్నారు. ఈ భయం నాకు అర్థమవుతుంది, కొట్టిపారెయ్యను. మన సంగతి ఇంకో రకంగా కూడా కష్టం. ఈ ఊళ్ళో మన పిల్లలు బడిలో తమిళం, ఇంగ్లీషు చదువుతారు, వీధిలో తమిళం మాట్లాడతారు, వాళ్ళకు తెలుగు అక్షరం కనిపించేది ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలోనే. సంబంధాలు కుదిరేది ఇక్కడే, చనిపోతే మోసేది ఈ నలుగురే, బాప్తిస్మం సర్టిఫికెట్ మీద, పెళ్ళి ప్రకటన మీద సంతకం పెట్టేది అయ్యగారే. ఆయన్ని కాదంటే ఒక మనిషికి పోయేది చర్చి ఒక్కటే కాదు, ఊరు పోతుంది, భాష పోతుంది. ఆ అమ్మాయికి అవే పోయాయి. ఇప్పుడు వేరే చోట తమిళ ఆరాధనకు వెళ్తోంది, వెనక బెంచీలో కూర్చుంటుందట, పాటలు పాడటం లేదట. మన పరువు సంగతి సరే, ఈ లెక్క ఎవరు చూస్తారు?

పరువు కోసం దాచిన చోట్ల ఏమైందో కూడా చూడండి. పేరున్న క్రైస్తవ వక్త రవి జకరయ్యస్ మన మద్రాసులోనే 1946లో పుట్టినవారు, ఆయన పుస్తకాలు మన లైబ్రరీ అల్మారాలో వరసగా ఉండేవి, మన యూత్ కుర్రాళ్ళు ఆయన వీడియోలు చూసే డిబేట్లు నేర్చుకున్నారు. 2017లో ఒక మహిళ తనకు జరిగింది చెప్పినప్పుడు ఆయన సంస్థ ఆయన పక్షానే నిలబడింది. ఆయన 2020 మేలో చనిపోయారు. ఆ తర్వాత ఇంకొందరు స్త్రీలు మాట్లాడితే, చివరికి సంస్థే ఒక లా ఫర్మ్‌తో విచారణ చేయించింది, 2021 ఫిబ్రవరిలో రిపోర్టు బయటికొచ్చింది. ఫోన్లలో 200కు పైగా మసాజ్ చేసేవాళ్ళ నంబర్లు, 200కు పైగా స్త్రీల ఫొటోలు. అందులో ఒకామె చెప్పింది చదివి నేను రాత్రి నిద్రపోలేదు: నువ్వు నోరు విప్పితే, నా పేరు పాడైతే, లక్షలాది ఆత్మల రక్షణ పోతుంది, దానికి నువ్వే బాధ్యురాలివి అని ఆయన ఆమెతో అన్నాడట. మన పెద్దన్న ఉపవాస కూటంలో అన్నది దాదాపు అదే కదా, "ఆమె ఒక్కదాని వల్ల ఎన్ని ఆత్మలు తొట్రిల్లుతాయో" అని. ఆయన మంచి మనసుతోనే అని ఉంటారు. ఆ అమ్మాయి చెవిలో మాత్రం అది అయ్యగారి గొంతుతోనే పడి ఉంటుంది.

ఇంకోలా చేసినవాళ్ళూ ఉన్నారు. మానసిక వైకల్యం ఉన్నవాళ్ళతో కలిసి బతికే ఇళ్ళు 1964లో ఫ్రాన్సులో మొదలుపెట్టిన జాన్ వాన్యే అనే ఆయన్ని లోకమంతా పరిశుద్ధుడనే అనుకుంది. మన దేశంలో ఆ ఇళ్ళు ఆశానికేతన్ పేరుతో 1970లో బెంగళూరులో మొదలయ్యాయి. ఆయన 2019లో చనిపోయారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో, ఆత్మీయ సలహా కోసం వచ్చిన ఆరుగురు స్త్రీలతో ఆయన ఎలా ప్రవర్తించారో ఎవరో పత్రికవాళ్ళు కాదు, ఆయన స్థాపించిన సంస్థే చెప్పింది. అక్కడితో ఆపలేదు, చరిత్రకారులను, మానసిక వైద్యులను కూర్చోబెట్టి తవ్వించి, కనీసం 25 మంది అని 2023లో మళ్ళీ తనే చెప్పింది. చచ్చిపోయినవాడి మీద ఇంత ఎందుకని వాళ్ళు అనుకోలేదు. నిజం చెప్పినందుకు ఆ ఇళ్ళు మూతపడలేదు, వైకల్యం ఉన్నవాళ్ళకు అన్నం పెట్టడం ఆగలేదు. ఆ ఇళ్ళు ఆయన పేరు మీద నిలబడి లేవు కాబట్టి. మన సంఘం దేని మీద నిలబడి ఉందో మనకిప్పుడు తెలుస్తుంది.

కమిటీ అన్నలు "తప్పు మేం చెయ్యలేదు కదా" అంటున్నారని విన్నాను. ఇంగ్లండు సంఘానికి పెద్ద, అప్పటి క్యాంటర్బరీ ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ కూడా చెయ్యలేదు. క్రైస్తవ శిబిరాల్లో కలిసిన మగపిల్లలను ఒక లాయరు ఏళ్ళ తరబడి హింసించిన సంగతి 2013లో తన దాకా వచ్చినా గట్టిగా వెంటపడలేదని విచారణలో తేలి, 2024 నవంబరులో ఆయన రాజీనామా ప్రకటించాల్సి వచ్చింది.

ఇక మూడు నెలలు. ఈ లెక్క ఎక్కడిదో నాకు తెలియదు కానీ, అమెరికా టీవీ ప్రసంగికుడు జిమ్మీ స్వాగర్ట్ కథ మన పాతతరం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆయన పాటల క్యాసెట్లు మన ఇళ్ళలో తిరిగేవి. వేశ్యతో దొరికిపోయాక 1988 ఫిబ్రవరిలో టీవీలో ఏడుస్తూ పాపం ఒప్పుకున్నాడు. జిల్లా స్థాయి పెద్దలు మూడు నెలలు ఆపితే, పై స్థాయి పెద్దలు కాదు, కనీసం ఒక ఏడాది ప్రసంగించకూడదన్నారు. ఆయన వినలేదు, వాళ్ళు ఆయన ఆర్డినేషన్ (పాస్టరు హోదా) తీసేశారు, అయినా మూడు నెలలకే మళ్ళీ వేదిక ఎక్కాడు. 1991లో మళ్ళీ అదే పని మీద దొరికాడు. కన్నీళ్ళు అబద్ధమని నేను అనడం లేదు. అయ్యగారు ఆ ఆదివారం మన ముందు ఏడ్చినప్పుడు నేనూ ఏడ్చాను. ఏడుపు ఒకటి, మారడం ఒకటి. ఇంకా చెప్పాలంటే ఆయన ఏడుస్తూ దేవుణ్ణి క్షమించమన్నారు, సంఘాన్ని క్షమించమన్నారు, అమ్మగారిని క్షమించమన్నారు. ఆ అమ్మాయిని అడగలేదు. గమనించారా?

క్షమించడం వేరు, తాళం చెవి ఇవ్వడం వేరు, ఇది మనకు తెలియనిదేమీ కాదు. కానుకల లెక్కలో నాలుగు వేలు తగ్గినప్పుడు ఆ యూత్ అబ్బాయిని ఏం చేశాం? క్షమించాం, చేతులుంచి ప్రార్థించాం, మళ్ళీ కానుకల సంచి ముట్టనివ్వలేదు. పదకొండేళ్ళయింది, ఇప్పటికీ ఇవ్వలేదు. నాలుగు వేలకు పదకొండేళ్ళు, ఒక అమ్మాయికి మూడు నెలలు. గలతీ పత్రికలో సాత్వికంగా మంచి దారికి తీసుకురమ్మని ఉంది, నిజమే. మంచి దారికి రమ్మంది, పుల్పిట్ మీదకి అనలేదు. ఆయన విశ్వాసిగా బెంచీలో మన పక్కన కూర్చుంటానంటే నేను జరిగి చోటిస్తాను. తిమోతికి రాసిన మొదటి పత్రిక 5లో ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా పెద్ద మీద దోషారోపణ ఒప్పుకోవద్దనే వాక్యం గుర్తుపెట్టుకున్నవాళ్ళు, వెంటనే వచ్చే వాక్యం, పాపం చేసినవారిని అందరి ఎదుట గద్దించమన్నది, ఎందుకు మర్చిపోతారు? సాక్షులే కావాలంటే మెసేజీలు ఉన్నాయి, ఆయనే ఒప్పుకున్నారు.

మూడు నెలల గురించి ఇంకో సంగతి, ఇది మా అక్క కూతురు, లా చదువుతోంది, చెప్పింది. పని జరిగే చోట స్త్రీల మీద వేధింపుల గురించి 2013లో వచ్చిన చట్టం కింద, ఆ చోట జీతానికి పనిచేసే మనిషైనా కాకపోయినా స్త్రీ ఫిర్యాదు ఇవ్వొచ్చు. పదిమంది కంటే తక్కువ పనిచేసే చోటైతే జిల్లా స్థాయి లోకల్ కమిటీకి ఇవ్వాలి. గడువు, చివరి సంఘటన నుంచి మూడు నెలలు. తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు పొడిగిస్తారు. అంటే మీరు అందరినీ "మౌనంగా ప్రార్థించండి" అన్న ఆ మూడు నెలలూ ఆమెకు చట్టం ఇచ్చిన మూడు నెలలే. మీకు తెలిసి చేశారని అనను. ఇప్పుడు తెలిసింది కదా. పొడిగింపు ఇంకా మిగిలి ఉంది, పోలీసుల దారి ఎలాగూ ఉంది. ఇంకో మాట, రేపు ఇలాంటిది పద్దెనిమిదేళ్ళు నిండని బిడ్డ విషయంలో తెలిస్తే మనకు కూటం పెట్టుకునే హక్కే లేదు, 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడమే నేరం. సండే స్కూలు టీచర్లందరం ఇది నేర్చుకోవాలి, నాతో మొదలుపెట్టి.

నా క్లాసులో ఒక కుర్రాడు, ఈస్టరుకు బాప్తిస్మం తీసుకున్నవాడు, "ఆంటీ, మరి నాది చెల్లుతుందా?" అని అడిగాడు. నాలుగో శతాబ్దంలో ఉత్తర ఆఫ్రికా సంఘాలు ఈ ప్రశ్న మీదే చీలిపోయాయి, ఇచ్చిన చెయ్యి మురికిదైనా ఇచ్చేది క్రీస్తే కాబట్టి చెల్లుతుందని అగస్టీను అనే బిషప్పు వాదించాడు. వాడికి అదే చెప్పాను, మొహం తేలికపడింది. ఆంగ్లికన్ సంఘపు విశ్వాస సూత్రాలైన 39 ఆర్టికల్స్‌లో 26వది కూడా ఇదే చెబుతుంది. కానీ దాని రెండో సగం ఎవరూ చదవరు: అయినా సరే, చెడ్డ సేవకుల గురించి విచారణ జరగాలి, వాళ్ళ తప్పులు తెలిసినవాళ్ళు చెప్పాలి, న్యాయంగా దోషమని తేలితే పదవి నుంచి తొలగించాలి అని ఉంటుంది.

అయ్యగారి ముఖం మీద స్టిక్కర్ అంటించిన క్యాలెండర్ ఫొటోలు తిప్పుతున్న తమ్ముళ్ళకు కూడా ఒక మాట. ఆ ఫొటోలో పక్కనే అమ్మగారు, ఇద్దరు పిల్లలు ఉన్నారు. అమ్మగారు మూడు నెలలుగా కూరగాయలకు కూడా బయటికి రావడం లేదు. క్వార్టర్స్ ఖాళీ చేయించేటప్పుడు వాళ్ళకు ఇల్లు, పిల్లల ఫీజులు సంఘమే చూడాలి, దానికి చందా మొదలుపెడితే నా పేరు మొదట రాసుకోండి.

ప్రేమవిందు ఆపండి. ఆ ఆదివారం ప్రభువు బల్లకు వేరే సేవకుణ్ణి పిలవండి. మన సంఘంలో సభ్యురాలు కాకుండా, అయ్యగారికి బంధువూ కాకుండా, ఇలాంటి కేసులు చూసిన ఒక మహిళా వకీలును పెట్టి విచారణ చేయించి, తేలింది ప్రకటనల్లోనే చదవండి, బిరియానీ సంగతి చదివినంత గట్టిగా. ఆ అమ్మాయి కౌన్సెలింగ్ ఖర్చు బిల్డింగ్ ఫండ్ నుంచి ఇవ్వండి, కాంపౌండ్ గోడ ఇంకో ఏడాది ఆగితే ఏమీ కాదు.

నిరుడు బుధవారం ఆమె నాతో అన్న మాట, నేను అన్న మాట, ఆ రోజు తేదీ, రెండు పేజీలు రాసి సంతకం పెట్టి ఇంట్లో ఉంచాను. కమిటీ అన్న ఒకరు "మాకివ్వండి, ఫైల్లో పెడతాం" అని ఫోన్ చేశారు. మీకివ్వను. ఆ వకీలు ఎవరో పేరు చెప్పిన రోజు ఆమె చేతికే ఇస్తాను.

మీ సహోదరి,
సండే స్కూలు టీచర్